థ్రెడ్: సర్వర్‌లో పోగు

చీరాల మగ్గం మీద పడుగులో ఒక్కో దారమూ ఒక పోగు. కంప్యూటర్‌వాళ్లూ అదే మాట పట్టుకున్నారు. పేనడం అనే అర్థమున్న పాత జర్మానిక్ ధాతువు నుంచి వచ్చింది 'థ్రెడ్'. దాన్ని విక్టర్ విసోత్స్కీ సూచించాడని జెరోమ్ సాల్ట్జర్ 1966 నాటి తన ఎంఐటీ సిద్ధాంత వ్యాసంలో రాశాడు. ప్రోగ్రాములో ఒకదాని వెంట ఒకటిగా నడిచే పనుల వరసే థ్రెడ్.

పోలిక ఒక్కచోట తప్పుతుంది. పడుగులో పోగులు పక్కపక్కనే ఉన్నా ఒకదాని జోలికి ఒకటి పోవు. సర్వర్‌లో థ్రెడ్లు ఒకే విలువను దిద్దుతాయి. గుంటూరు మిర్చి యార్డులో ఒక లాట్‌కు ఆన్‌లైన్ వేలం సాగుతోందనుకోండి. క్వింటాలుకు 15,000 రూపాయలున్న ధరను రెండు థ్రెడ్లు ఒకేసారి చదివాయి. ఒకటి 15,400 రాసింది. ఆ వెంటనే రెండోది 15,200 రాసేసింది. పెద్ద పాట గల్లంతు, నష్టం రైతుకు! అందుకే చదవడం, పోల్చడం, రాయడం మూడూ ఒకే లాక్ కింద, అంటే ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం కింద జరగాలి. రైతుకు ఎస్సెమ్మెస్ పంపే బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్ మాత్రం ఆ లాక్ పట్టుకుని కూర్చోకూడదు. మిగతా పాటలన్నీ ఆగిపోతాయి. సర్వర్లు ఒకటికి మించితే ఈ లాక్ కూడా చాలదు, ధరకు డేటాబేస్‌లోనే తాళం వేయాలి.