చిన్న బౌల్ గేములు ఆడటం దండగేనా?

డిసెంబరు వచ్చిందంటే టీవీలో కాలేజీ ఫుట్‌బాల్ బౌల్ గేముల వరసే. మన పిల్లలు చదివే యూనివర్సిటీ ఆడుతుంటే చూస్తాం, లేకపోతే ఛానల్ మార్చేస్తాం. అసలు ఇన్ని ఆటలు అవసరమా?

1902లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో మొదలైన రోజ్ బౌల్ వీటన్నిటికీ పెద్దన్న. ఇప్పుడు బౌల్స్ 40 దాకా ఉన్నాయి. 12 ఆటల సీజన్లో 6 గెలిస్తే అర్హత వచ్చినట్టే. 2015 సీజన్లో అలాంటి జట్లు చాలక, 5 మాత్రమే గెలిచిన నెబ్రాస్కా, మిన్నెసోటా, శాన్ హోసే స్టేట్ జట్లనూ పిలిచారు. మూడూ తమ బౌల్స్ గెలిచాయి!

వద్దనేవారి వాదనలోనూ పస ఉంది. 2024 సీజన్ నుంచి ఛాంపియన్ ఎవరో 12 జట్ల ప్లేఆఫ్ తేలుస్తోంది. చిన్న బౌల్‌కు దానితో సంబంధం లేదు. ఎన్.ఎఫ్.ఎల్.కు వెళ్ళబోయే ఆటగాళ్ళు కొందరు గాయాల భయంతో తప్పుకుంటారు. 2025 డిసెంబరులో ప్లేఆఫ్‌లో చోటు దక్కని నోటర్ డామ్ అసలు బౌలే ఆడనంది. ప్రయాణం, హోటలు, అమ్ముడుపోని టికెట్ల ఖర్చు కొన్నిసార్లు యూనివర్సిటీ నెత్తిన పడుతుంది.

అయినా నా ఓటు ఆడటానికే. జట్టులో ఎక్కువమంది ఎన్.ఎఫ్.ఎల్. గడప తొక్కరు. చివరి సంవత్సరం వాళ్ళకి ఇదే ఆఖరి ఆట. కొత్త కుర్రాళ్ళకి అదనపు ప్రాక్టీసు దొరుకుతుంది. చిన్న యూనివర్సిటీ పేరు దేశమంతా వినబడుతుంది.

ఒకటే షరతు: ఆ ఖర్చు విద్యార్థుల మీద రుద్దకూడదు. చాలా చిన్న యూనివర్సిటీలు అథ్లెటిక్ ఫీజు వసూలు చేస్తాయి. మీ అబ్బాయో అమ్మాయో తెచ్చే బిల్లులో అదెంతో ఒకసారి చూడండి.