జెంటూ అను పేరు

ఆంగ్లేయులు మన భాషను చిరకాలము ‘జెంటూ’ అని వ్యవహరించిరి. మా కలువాయివంటి యూళ్లలో ఏ తెలుగువాడును తన్ను దాను ఆ పేర బిలుచుకొనలేదు.

లాటిను భాషలో ‘జెన్స్’ అనగా వంశము. అందుండియే కులీనుడను నర్థమున ‘జెంటిల్’ పుట్టి, పిదప సౌమ్యుడను నర్థమును బొందెను. అన్యమతస్థుడను నర్థముగల ‘జెంటైల్’ కూడ నందుండి వచ్చినదే. పోర్చుగీసువారు ఈ దేశమున మహమ్మదీయులను ‘మౌరో’లనియు, హిందువులను ‘జెంతియో’లనియు బిలిచిరి. ఆంగ్లేయుల నోట నీ రెండవ మాటయే జెంటూ అయ్యెను.

వంగదేశమున నా పదమునకు హిందువని యర్థము. 1776లో వెలువడిన హాల్‌హెడ్ దొర ‘జెంటూ ధర్మశాస్త్రము’ హిందూ ధర్మశాస్త్రమే. చెన్నపట్టణమునందో, తమిళులు ‘మలబారులు’, తెలుగువారు ‘జెంటూలు’. 1816లో క్యాంబెల్ దొర తన గ్రంథమునకు తెలుగు వ్యాకరణమని పేరిడియు, ఆ భాషకు జెంటూ అను వాడుక గలదని చేర్చెను. పిమ్మట నా వాడుక నశించినది. నేడు దక్షిణ సముద్రములలోని పెంగ్విన్ పక్షిజాతి యొకటి ఆ పేరును మోయుచున్నది.

ఒకే మాట స్వజనులయెడ మర్యాదగను, పరులయెడ వేఱుపాటుగను బరిణమించినది. బడిలో ‘జెంటిల్’ పదమున కర్థము చెప్పునపుడెల్ల మేము దీనిని దలపక మానము. అయినను ఆంగ్లేయులనే నిందింప నేల? అస్పష్టముగ మాటలాడువాడని ‘మ్లేచ్ఛ’ శబ్దమునకు మూలార్థము. మన పలుకు రానివానిని పలుకే రానివాడంటిమి. నెల్లూరికి దక్షిణమున నున్నవారిని నేటికిని అరవలందుము. వారు తాము తమిళులమందురు. ఎవరి పేరు వారినే యడిగి తెలిసికొనుట మర్యాదకు మొదటి మెట్టు.