అడుగు పంక్తి ఆధారం: టెక్కలి, పలాస, ఉద్దానం ఎన్నికల ప్రచార సామగ్రి సేకరణపై ఒక పరిశీలన

ఎన్నికల జ్ఞాపికల సేకరణ అనగానే అమెరికా బ్యాడ్జీలే ప్రస్తావనకు వస్తాయి. 1896లో మెకిన్లీ, బ్రయాన్ పోటీపడినప్పుడు సెల్యులాయిడ్ బ్యాడ్జీలు అక్కడ వెల్లువెత్తాయి. బ్యాడ్జీలు పోగేసే ఆ పద్ధతిని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం తీరానికి తెచ్చుకుంటే లాభం లేదు. రేకు బ్యాడ్జీకి వెనక పిన్నీసు అతికిన చోట ముందు తుప్పు పడుతుంది. ఉప్పుగాలికి అది అంచు కిందికి పాకి, లోపలి కాగితం మీది నాయకుడి ముఖాన్ని గోధుమరంగు మరక చేస్తుంది. కండువాకు గుచ్చి దాచితే కండువా కూడా పోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తాకింది ఈ తీరాన్నే. కూలిన కొబ్బరి, జీడి తోటలకు లెక్కలు కట్టారు గానీ, పైకప్పు లేచిపోయిన ఇళ్లలో తడిసిన పాత కాగితాలు ఏ లెక్కలోకీ రావు.

అయినా ఇక్కడ పరిశోధకుడికి కాగితమే దిక్కు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1961లో చేర్చిన 127ఎ సెక్షను ప్రకారం ప్రతి ఎన్నికల కరపత్రం మీదా, గోడపత్రిక మీదా ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలి. తప్పితే ఆరు నెలల వరకు జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అభ్యర్థి అనుచరులు పట్టించుకోని, అడుగున ఉండే ఆ చిన్న అక్షరాల పంక్తే మనకు అసలు ఆధారం.

టెక్కలినే చూడండి. 1994 శాసనసభ ఎన్నికల్లో ఎన్.టి. రామారావు హిందూపురంతో పాటు ఇక్కడా నిలబడ్డారు. రెండుచోట్లా గెలిచి, హిందూపురం ఉంచుకుని టెక్కలి వదులుకున్నారు. 1996 జనవరిలో కన్నుమూశారు. కాబట్టి టెక్కలి అభ్యర్థిగా ఆయన పేరు అచ్చయిన కాగితం ఆ ఒక్క ఎన్నికదే. కానీ ఆయన బొమ్మ, సైకిలు గుర్తు, పసుపు రంగు రాష్ట్రమంతటా ఒకటే. నియోజకవర్గం పేరో ప్రెస్సు చిరునామానో లేకపోతే ఆ పోస్టరు టెక్కలి గోడదో హిందూపురం గోడదో తేలదు. నిలువెత్తు రంగుల పోస్టరు కంటే, స్థానిక ప్రెస్సులో నాసి కాగితం మీద ఒకే రంగులో వేసిన నమూనా బ్యాలెట్‌కే నేను ఎక్కువ విలువ కడతాను.

అడుగు భాగం చిరిగిపోతే వేరే ఆనవాళ్లు వెతకాలి. నియోజకవర్గం పేరే ఒక ఆనవాలు: పలాస శాసనసభ స్థానానికి తొలి ఎన్నిక 2009లో జరిగింది. అప్పుడే సోంపేట స్థానం పటంలోంచి పోయింది. కాంగ్రెస్ కరపత్రం మీద కాడెద్దులుంటే 1969 చీలికకు ముందుది, ఆవూదూడ ఉంటే డెబ్బైల నాటిది, హస్తం ఉంటే 1978 లేదా ఆ తర్వాతది. ప్రెస్సు చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు దాటినట్టే. నక్షత్రం స్వతంత్ర పార్టీ గుర్తు. బారువలో పుట్టిన గౌతు లచ్చన్న 1967లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానం గెలిచి, ఎన్.జి. రంగా కోసం ఖాళీ చేశారు. అదే స్థానానికి అదే గుర్తు కింద ఇద్దరి పేర్లూ కనబడితే కంగారు పడనక్కర్లేదు. రెండోది ఉప ఎన్నికది.

ఈ పద్ధతి ఓట్ల రాజకీయానికే పరిమితం, ఉద్దానం రాజకీయం అంతకంటే పెద్దది. 1940లో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలో జరిగింది. ఎన్నికలనే బహిష్కరించిన శ్రీకాకుళ నక్సలైట్ పోరాటానికి బొడ్డపాడు ఒక కేంద్రం. రహస్య కరపత్రానికి ప్రెస్సు పేరు ఉండదు. ఇంట్లో దొరికితేనే ప్రమాదం కనుక చదివి కాల్చేయడమే క్షేమం. ఆ పోరాటంలో 1969 డిసెంబరులో పోలీసు తూటాలకు బలైన కవి సుబ్బారావు పాణిగ్రాహి ప్రచారమైతే జముకుల కథ అనే జానపద కళారూపంతో సాగింది. దానికి వస్తురూపమే లేదు. ఇలాంటిచోట విన్నవాళ్ల మాటలు రికార్డు చేయడం కూడా సేకరణే. అభ్యర్థుల బొమ్మలు మాత్రమే పోగేసిన పెట్టె ఈ ప్రాంత చరిత్రను సగమే చెబుతుంది.

ఇక ఫ్లెక్సీలు. ఎన్నికలవగానే అవి పశువుల పాక మీదికీ, జీడిపిక్కల బస్తాల మీదికీ చేరతాయి. ఒకటి రెండు ఫొటో తీసి ఉంచితే చాలు. కాగితాలకు మాత్రం లామినేషన్ చేయించవద్దు. ఒకసారి చేస్తే విడదీయడం కష్టం. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ నిలుస్తుంది కనుక పొడి నూలుగుడ్డ మేలు. మీ ఇంట్లో పాత కరపత్రం ఉంటే వెనకవైపు పెన్సిల్‌తో ఏ ఊరిదో, ఎవరిచ్చారో రాయండి. పటం కట్టించేటప్పుడు అడుగు అంచు కత్తిరించనివ్వకండి.