దివిసీమ చివర మడ ఊళ్లు: ఎవరి నేల, ఏ హక్కు?

విజయవాడ నుంచి కృష్ణా కరకట్ట పట్టుకుని దిగువకు పోతే, అవనిగడ్డ, నాగాయలంక దాటాక రోడ్డు ఏటి ఒడ్డున ఆగిపోతుంది. అవతల ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ. మనిషైనా, మోటారు సైకిలైనా, గ్యాసు బండైనా ఏరు దాటాలంటే పంటు ఎక్కాల్సిందే. గాలి తిరిగితే పంటు ఆగుతుంది. పంటు ఆగితే పురిటి నొప్పులు పడుతున్న ఇల్లాలు సైతం ఒడ్డునే ఎదురుచూడాలి. ఏటిమొగ–ఎదురుమొండి వంతెన కావాలన్న కోరిక అందుకే అక్కడ దశాబ్దాలుగా ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. ఈ ఊళ్ల చుట్టూ ఉన్నది మడ అడవి. 1989లో ఏర్పడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం విస్తీర్ణం 194.81 చదరపు కిలోమీటర్లు. అది నేటి కృష్ణా, బాపట్ల జిల్లాల తీరం వెంట పరుచుకుని ఉంది.

ఇలాంటి చోట ఇల్లు కట్టుకున్నవాడి ఆస్తి విలువ ఎంత? దాన్ని లెక్కగట్టడానికి రిజిస్ట్రారు కార్యాలయంలోని ధరల పట్టిక చాలదు. ఇక్కడ నేల విలువను తేల్చేవి మూడు: అడవి, నది, చట్టం. మూడూ కలిసి ఒక్క మాటే చెబుతున్నాయని ఈ వ్యాసం వాదన. మడ ఊళ్లలో నిలిచే ఆస్తి అమ్ముకునే స్థలంలో లేదు, తరతరాలుగా అడవిని, ఏటిని వాడుకుంటున్న హక్కులో ఉంది. ఆ హక్కుకే ఇప్పటిదాకా సరైన కాగితం లేదు.

పాటు వేళ నీరు తీశాక అడవిలోకి దిగితే తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి వేలెడేసి శ్వాసవేళ్లు వందలుగా నిక్కి ఉంటాయి. గాలి ఆడని ఉప్పు బురదలో చెట్టుకు ఊపిరి అవే. ఆ పక్కనే తిల్ల చెట్టు. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు కనుక కట్టె కొట్టేవాళ్లు జాగ్రత్తగా ఉంటారు. యానాది మనిషి మోకాలి లోతు బురదలో నడుస్తూ బొరియ ఆనవాలు పట్టి, వంకీ ఉన్న ఇనుప చువ్వ లోపలికి దూర్చి, కదలికను బట్టి మండపీతను బయటికి లాగుతాడు. కాళ్లు కదలకుండా తాడుతో కట్టేసి బుట్టలో వేస్తాడు. చెన్నై మీదుగా సింగపూర్ హోటళ్లకు ప్రాణంతో చేరే పీతల వ్యాపారానికి మొదటి మెట్టు ఈ బురదలోనే ఉంది. మడ వేళ్ల మధ్య రొయ్య పిల్ల, చేప పిల్ల పెరగకపోతే సముద్రంలో వల వేసే పల్లెకారులకూ పనుండదు. బావురుపిల్లి బతికేదీ ఆ అడవిలోనే.

అడవి చేసే రెండో పని ప్రాణరక్షణ. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకొచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు సుమారు పదివేలు. సొర్లగొంది లాంటి ఊళ్లు ఊళ్లుగా తుడిచిపెట్టుకుపోయాయి. మడ అడవి అలాంటప్పుడు ఏం చేయగలదో చెప్పే గట్టి ఆధారం ఒడిశా నుంచి వచ్చింది. 1999 సూపర్ సైక్లోన్‌లో కేంద్రపడా జిల్లా గ్రామాల మరణాలను సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ పట్టీ ఎంత వెడల్పుంటే మరణాలు అంత తక్కువని తేలింది. భూమి ధర కట్టేవారెవరూ ఈ అంశాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం విచారకరం.

ఇక నది. 1855లో బెజవాడ ఆనకట్ట, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాయి. ఆనక పైన నాగార్జునసాగర్, శ్రీశైలం జలాశయాలు నిండాయి. డెల్టా పంట పండింది, అది కాదనలేని మేలు. కానీ డెల్టాను పుట్టించిన ఒండ్రు జలాశయాల అడుగునే నిలిచిపోతోంది. ప్రపంచ డెల్టాల కుంగుబాటుపై 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం వెలువరించిన అధ్యయనం కృష్ణను ఎక్కువ ముప్పున్న వాటిలో చేర్చింది. సముద్రానికి చేరే ఒండ్రు తొంభై శాతానికి పైగా తగ్గిందని లెక్కగట్టింది. కృష్ణా డెల్టా తీరం మొత్తమ్మీద వెనక్కి తగ్గుతోందని ఉపగ్రహ చిత్రాలతో చేసిన పరిశీలనా అదే ఏడాది వెలువడింది. దీవి అంచున స్థలం కొన్నవాడి చేతిలో సర్వే నంబరు ఉంటుంది. నేల ఉంటుందన్న హామీ లేదు.

చట్టం దగ్గరికి వస్తే చిక్కుముడి మరింత బిగుస్తుంది. ఈ ఊళ్లలో జిరాయితీ కొద్ది, డి-ఫారం పట్టాలు ఎక్కువ, మిగతాది పోరంబోకు, అడవి. డి-ఫారం పట్టాలతో పేదలకు ప్రభుత్వం ఇచ్చిన ఈ అసైన్డ్ భూముల బదిలీని నిషేధించిన చట్టం కూడా ఉప్పెన వచ్చిన 1977లోదే. 2023 సవరణతో ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ సాగు భూమిని అమ్ముకునే వీలు కల్పించారు. 2024లో ప్రభుత్వం మారాక అక్రమాల ఆరోపణలపై అలాంటి భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టారు. అభయారణ్యం హద్దుల్లో సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తొలి ప్రకటన వెలువడ్డాక అక్కడి భూమిపై వారసత్వంగా తప్ప కొత్త హక్కేదీ పుట్టదు. 2011 తీర నియంత్రణ ప్రకటన కృష్ణా తీరాన్ని అత్యంత దుర్బల ప్రాంతాల్లో చేర్చి, మత్స్యకార సముదాయాల భాగస్వామ్యంతోనే నిర్వహించాలని చెప్పింది.

ఇన్ని ఆంక్షలున్నా రొయ్యల చెరువులు ఆగలేదు. తీరపు చెరువులపై 1996 డిసెంబరులో జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పిచ్చింది. 2005లో తీర ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. టైగర్ రొయ్యను తెల్లమచ్చ తెగులు దెబ్బతీశాక, 2009 నుంచి వనామీ రొయ్య రాకతో మళ్లీ ఊపొచ్చింది. పేదవాడి పట్టా భూమి లీజు పేరుతో చెరువుగా మారాక, ఉప్పెక్కిన ఆ నేలలో మళ్లీ వరి వేయడం మాటలు కాదు. లీజు డబ్బు కొన్నేళ్లు వస్తుంది, నేల పోతుంది. ఇది బాగుపడటం అనిపించుకోదు.

దారి ఎక్కడుంది? 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. దివిసీమలో దాన్ని గిరిజన కొండల చట్టంగానే చూస్తున్నారు. ఆ చట్టం మూడో సెక్షను చేపలు, ఇతర జల ఉత్పత్తుల వాడకాన్ని సముదాయ హక్కుగా గుర్తిస్తుంది, అభయారణ్యాలకూ వర్తిస్తుంది. షెడ్యూల్డు తెగ అయిన యానాదులకు 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అక్కడ ఉంటూ అడవిపై ఆధారపడి ఉన్నారన్న రుజువు చాలు. పల్లెకారులు మూడు తరాల, అంటే 75 ఏళ్ల, నివాసం చూపాలి. కాగితాలన్నీ 1977 నీళ్లలో కొట్టుకుపోయిన కుటుంబం ఏం చూపుతుంది? నిబంధనల్లోనే జవాబుంది: హక్కు కోరేవారు కాని ఇతర పెద్దలు చెప్పిన మాటను రాసుకుని సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఇలా వచ్చిన హక్కు పిల్లలకు సంక్రమిస్తుంది, అమ్మకానికి మాత్రం పనికిరాదు. తుపాను తరువాత అప్పుల్లో ఉన్న కుటుంబం చేతిలోంచి జారిపోని ఆస్తి ఇదొక్కటే.

ఈ పని వాయిదా వేసే సమయం లేదు. నాగాయలంక మండలంలోని గుల్లలమోద వద్ద క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న అమరావతి నుంచి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. వ్యయం సుమారు 1,460 కోట్ల రూపాయలు. ఇంత పెద్ద నిర్మాణం వస్తే రోడ్లు వస్తాయి, రోడ్ల వెంట స్థలాల బేరగాళ్లూ వస్తారు. దేశ రక్షణ అవసరాన్ని ఎవరూ తప్పుపట్టరు. బేరం మొదలయ్యే నాటికి ఏటి ఒడ్డున ఉన్నవాడి చేతిలో హక్కు పత్రం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

హక్కుల దరఖాస్తు మొదలుపెట్టే అధికారం చట్టం గ్రామసభకే ఇచ్చింది. నాగాయలంక, కోడూరు మండలాల తీర పంచాయతీలు రాబోయే గ్రామసభల్లోనే అటవీ హక్కుల కమిటీలు వేసుకోవాలి. 1977కు ముందటి ఊరిని కళ్లారా చూసిన పెద్దలు ఇంకా ఉండగానే వారి వాంగ్మూలాలు రాయించాలి. విజయవాడ, మచిలీపట్నం న్యాయవాదులు, విశ్వవిద్యాలయాల విద్యార్థులు పంటు ఎక్కి వెళ్లి ఆ రాతకోతల్లో వారికి సాయపడాలి.