తప్పు ఎవరిదో తేలని ఆట

అమెరికాలోని కెంటకీలో జనరల్ ఎలక్ట్రిక్‌కు గృహోపకరణాల ఫ్యాక్టరీలుండేవి. అక్కడ కొన్నాళ్లు మూడు, నాలుగు షిఫ్టులు నడిచేవి. కొన్నేళ్లు తిరిగేసరికి సగం మందికి పని పోయేది. మార్కెట్ తీరే అంతని మేనేజర్లు సరిపెట్టుకునేవారు. 1956లో ఎమ్‌ఐటీ మేనేజ్‌మెంట్ స్కూల్లో చేరిన జే ఫారెస్టర్‌కు ఆ జవాబు మింగుడుపడలేదు. వర్ల్‌విండ్ కంప్యూటర్ నిర్మాణానికి సారథ్యం వహించిన ఇంజనీరు ఆయన. సరుకెంత, పనివాళ్లెందరు, ఆర్డర్లెన్ని అని నోటుపుస్తకంలో వారం వారం లెక్క కట్టారు. బయటి ఆర్డర్లు నిలకడగా ఉన్నా ఉద్యోగాలు మాత్రం పెరుగుతూ తరుగుతూనే ఉంటాయని తేలింది. ఆ ఒడిదుడుకులు కంపెనీ సొంత నిర్ణయాల్లోంచే పుడుతున్నాయి.

ఈ మాట ఉపన్యాసంలో చెబితే మేనేజర్లు తలూపి వెళ్లిపోతారు. స్వయంగా అనుభవిస్తే గానీ ఒంటబట్టదు. ఎమ్‌ఐటీలో తయారైన బీర్ గేమ్ ఆ పనే చేసింది.

పొడుగాటి బల్ల మీద చిల్లర కొట్టు, టోకు వ్యాపారి, డిస్ట్రిబ్యూటర్, ఫ్యాక్టరీ వరసగా ఉంటాయి. నాణేలే బీరు కేసులు. ఒక్కొక్కరికి మొదట 12 కేసుల స్టాకు. ప్రతి వారం చీటీ మీద ఆర్డరు రాసి, బోర్లించి, పక్కవాళ్ల వైపు జరపాలి. మాట్లాడుకోకూడదు. ఆర్డరు చేరడానికీ, సరుకు రావడానికీ వారాలు పడుతుంది. అమ్ముడుపోని కేసుకు వారానికి అర డాలరు ఖర్చు, ఇవ్వలేక బాకీపడ్డ కేసుకు ఒక డాలరు.

మొదటి నాలుగు వారాలు కొనేవాళ్లు నాలుగేసి కేసులు అడుగుతారు. ఐదో వారం ఎనిమిది. ఆపై చివరిదాకా ఎనిమిదే. ఏ వారం ఎంత అడిగారో ఆటగాళ్లలో కొట్టు నడిపేవారికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ చిన్న మార్పుకే గొలుసంతా అల్లకల్లోలమైపోతుంది. స్టాకు కరిగేకొద్దీ కంగారు పెరిగి, పోయినవారం పెట్టిన ఆర్డరు ఇంకా దారిలోనే ఉందన్నది మరిచి, మళ్లీ పెద్ద ఆర్డరు రాస్తారు. చివరికి సరుకంతా ఒక్కసారే వచ్చిపడుతుంది. అప్పుడు చీటీల మీద వరసగా సున్నాలు. ఎమ్‌ఐటీ ఆచార్యుడు జాన్ స్టెర్మన్ 1989లో ఈ ఆటల లెక్కలు ప్రచురించారు. కొనేవాళ్లు ఎనిమిదే అడిగినా, సగటున కొట్టు గరిష్ఠ ఆర్డరు 15కు, ఫ్యాక్టరీది 32కు చేరింది. జట్ల ఖర్చు, అయి ఉండాల్సినదానికి సుమారు పదింతలు.

ఆట ముగిశాక నిర్వాహకులు ఒక పని చేయిస్తారు. అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. గిరాకీ ఎలా ఉందో ఊహించి గీయమంటారు. చాలామంది కొండలు, లోయలు గీస్తారు. అసలు గీత చూపిస్తే, ఒక్క మెట్టెక్కి తిన్నగా సాగిపోయి ఉంటుంది. అప్పటిదాకా పక్కవారిని తిట్టుకున్నవాళ్లకు తిట్టడానికి ఎవరూ మిగలరు. మరో జట్టును కూర్చోబెట్టినా దాదాపు ఇదే అలజడి.

బల్ల మీదే కాదు, అసలు వ్యాపారంలోనూ ఇదే జరిగింది. పసిపిల్లలకు డైపర్లు రోజూ దాదాపు ఒకే లెక్కన ఖర్చవుతాయి. అయినా డిస్ట్రిబ్యూటర్ల నుంచి వచ్చే పాంపర్స్ ఆర్డర్లు విపరీతంగా ఊగిసలాడటం ఆ డైపర్ల తయారీ సంస్థ ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ గమనించింది. 1980ల చివర్లో వాల్‌మార్ట్‌తో కుదిరిన ఏర్పాటులో కొట్టు ఆర్డరు కోసం కాచుకోవడం తగ్గింది. దుకాణంలో ఎంత అమ్ముడవుతోందో తయారీదారే నేరుగా చూసి సరుకు పంపసాగాడు.