సైనికుని నడికట్టు, ఇత్తడి బిళ్ల: అవి చెప్పే చరిత్ర

పట్టాళంలో పనిచేసి వచ్చిన తాతగారి ట్రంకుపెట్టెలో ఖాకీ దుస్తులు చివికిపోయినను, నడుముకు కట్టిన బెల్టు, దాని ఇత్తడి బకిలు మిగిలి ఉండుట మన సరిహద్దు పల్లెల్లో పలు కుటుంబాలకు అనుభవమే. దానిని పాత సామానులవానికి ఇచ్చివేయుటకు ముందు, అది ఏమి చెప్పగలదో తెలిసికొనుట అవసరం.

రెజిమెంటు బెల్టుకు రెండు ప్రయోజనాలు కలవు. మొదటిది ఆయుధాన్ని, తూటాల సంచిని, నీటి సీసాను మోయుట. రెండవది ధరించినవాడు ఏ దళానికి చెందినవాడో చూపుట. ఈ రెండవ పని బకిలుది. కచేరీలలోని బిళ్లబంట్రోతు అడ్డపట్టీ మీది బిళ్ల కూడ ఇట్టిదే. హిందూస్తానీలో ఆ బిళ్లకు చప్రాస్ అని పేరు. చప్రాసీ అను మాట దాని నుండి పుట్టినదే.

కుంపిణీ కాలపు సిపాయీలు ఛాతీ మీద అడ్డముగా తోలు పట్టీలు వేసుకొనేవారు. వాటిని తెల్లమట్టితో తెల్లగా ఉంచుట నిత్యకృత్యం. పట్టీ మీది లోహపు బిళ్లపై దళం సంఖ్య ఉండేది. తరువాత ఆ గుర్తు నడుము బెల్టు బకిలుకు మారినది. గుండ్రని బిళ్ల ఒకవైపు, దాని చుట్టూ అమరే వలయం మరొకవైపు ఉండే బకిలు అప్పుడు ప్రచారంలోనికి వచ్చినది.

అధికారులు భుజం మీదుగా సన్నపట్టీతో ధరించే తోలు బెల్టుకు శామ్ బ్రౌన్ బెల్టు అని పేరు. 1858లో యుద్ధంలో ఎడమ చేతిని కోల్పోయిన శామ్యూల్ బ్రౌన్ అను అధికారి, ఒంటిచేతితో కత్తి దూయుటకు వీలుగా దీనిని రూపొందించెను. సాధారణ సైనికులకు 1908లో బ్రిటిషు సైన్యం గట్టి నూలు నేత బెల్టులను ప్రవేశపెట్టెను. 1937 నమూనా నేత బెల్టులు రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మన దేశంలో కూడ తయారైనవి. కవాతులలో ధరించే రంగుల నడికట్టుకు కమ్మర్‌బంద్ అని పేరు. ఇది నడుము కట్టు అను అర్థంగల పారసీక పదం.

పాత బకిలును చదువు విధానం ఇది. దాని మీద కిరీటం ఉన్నచో, అది 1950 జనవరి 26కు ముందటి నమూనా. గణతంత్రం ఏర్పడిన తరువాత కిరీటం స్థానంలో అశోక స్తంభపు సింహాలు వచ్చినవి. ఏనుగు గుర్తుతో పాటు మద్రాసు పేరు ఉన్నచో మద్రాసు రెజిమెంటును తలచవచ్చును. నేటి మహారాష్ట్రలోని జాల్నా జిల్లా అస్సాయే వద్ద 1803 సెప్టెంబరు 23న జరిగిన యుద్ధంలో మద్రాసు సిపాయీలు పోరాడినందుకు ఆ ఏనుగు స్మారకం. ఆ రెజిమెంటు కేంద్రం నీలగిరులలోని వెల్లింగ్టన్‌లో ఉన్నది. మద్రాసు సాపర్ల కేంద్రం బెంగళూరులో ఉన్నది. బెల్టు లోపలివైపు కూడ తప్పక చూడవలెను. తయారీ సంవత్సరం, ఒక్కొక్కచో సైనికుని నంబరు అక్కడ ముద్రించి ఉంటాయి.

ఇక్కడనే మన ఇండ్లలో పొరపాటు జరుగుచున్నది. పండుగ వచ్చినప్పుడు ఇత్తడి చెంబులతో పాటు బకిలును కూడ చింతపండుతో, బూడిదతో తోముచున్నాము. చిలుముతో పాటు అక్షరాలు కూడ అరిగిపోవును. అరిగిన అక్షరం తిరిగి రాదు. మెత్తని పొడిబట్టతో తుడుచుట చాలును. ఇత్తడిని, తోలును విడివిడిగా ఉంచవలెను. తోలులోని కొవ్వు తగిలి ఇత్తడి పచ్చబారును. తోలును ఎండలో పెట్టరాదు, ప్లాస్టిక్ సంచిలో మూయరాదు.

బెల్టు మాత్రమే సైనికసేవకు రుజువు కాదు. డిశ్చార్జి పుస్తకం, పింఛను కాగితాలు దానితోబాటే భద్రపరచవలెను. కాగితాలు పోయిన కుటుంబం వారు బెల్టు మీది నంబరును, దళం పేరును వ్రాసుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో విచారించవచ్చును. వెదకుటకు ఆ నంబరే మొదటి ఆధారం కావచ్చును. అయితే, సైనికుడనని ఇతరులను నమ్మించు ఉద్దేశంతో సైనికుల దుస్తులు గాని, చిహ్నాలు గాని ధరించుట చట్టరీత్యా నేరమని యువకులు గుర్తుంచుకొనవలెను.

తాతగారు ఏ దళంలో ఉండిరో చెప్పగల పెద్దలు ఇంట ఉన్నప్పుడే అడిగి, ఆ వివరం ఒక కాగితం మీద వ్రాసి బెల్టుతో ఉంచుదురుగాక.