నాణెం విలువ, చేతి విలువ

ఈ యేటి సావనీరుకు ఏదైనా చరిత్ర విషయం రాయమని కార్యదర్శిగారు కోరినారు. నేను ఉర్దూ మీడియంలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. నా తెలుగులో తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

క్లాసులో మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరు ఎత్తగానే పిల్లలు నవ్వుతారు. 1325 నుండి 1351 వరకు ఢిల్లీని ఏలిన ఈ సుల్తాన్ మహా పండితుడే. అయినా పిచ్చి తుగ్లక్ అనే పేరే మిగిలింది. 1329-30 ప్రాంతంలో ఆయన ఇత్తడి, రాగి నాణేలు కొట్టించి, ఇవి వెండి టంకాతో సమానమని హుకుం జారీ చేశాడు. చీనా దేశంలో అప్పటికే కాగితం డబ్బు నడుస్తున్నది, కాబట్టి ఆలోచన మరీ వింతదేమీ కాదు. సుల్తానుకు విధేయుడైనవాడు అల్లాహ్‌కు విధేయుడే అనే అర్థం వచ్చే మాటలు కూడా వాటి మీద వేయించినాడు.

కాని ఆ నాణేన్ని ఎవరైనా కొట్టవచ్చును. ఇల్లిల్లూ టంకసాల అయిపోయింది. జనం వెండిని దాచుకొని ఇత్తడితో శిస్తు కట్టసాగారు. చివరికి సుల్తాన్ ఆ నాణేలను వాపసు తీసుకొని ఖజానా నుండి అసలు డబ్బు ఇవ్వవలసి వచ్చింది. తుగ్లకాబాదులో ఇత్తడి గుట్టలు పడ్డాయి. ఇంటింటా నాణేలు పెరిగాయి గాని, దానివల్ల పొలంలో ఒక్క గింజ పెరగలేదు, మగ్గం మీద ఒక్క గజం గుడ్డ పెరగలేదు. పిల్లలకు నేను చెప్పేది ఈ ముక్కే.

ఈ సుల్తాన్ వద్ద ఢిల్లీ ఖాజీగా పనిచేసిన ఇబ్నె బతూతా స్వదేశమైన మొరాకోకు తిరిగి వెళ్ళి, హిందూస్తాన్ సుల్తాన్ గురించి చెబితే, అక్కడివారు అబద్ధాలని గుసగుసలాడుకున్నారట. ఈ సంగతి రాసినవారు ఇబ్నె ఖల్దూన్. ఆయన 1332లో తూనిస్ నగరంలో జన్మించి, 1377లో నేటి అల్జీరియాలోని ఒక కోటలో కూర్చుని ముఖద్దిమా రాశారు.

అందులో బంగారం, వెండి సంపదకు కొలత అని ఒప్పుకుంటూనే, మనిషి సంపాదనలో అసలు విలువ అతని శ్రమదేనని చెప్పినారు. వడ్రంగంలో కర్ర ఉంది, నేతలో నూలు ఉంది, కాని వాటికంటే పనితనం పాలే ఎక్కువ అన్నారు. ధాన్యం ధరలో కూడా శ్రమ ఉన్నది, సేద్యం సులభమైన చోట అది కంటికి కనబడదు, అంతే. పాతిపెట్టిన నిధుల కోసం తవ్వుతూ తిరిగేవారిని కూడా ఆయన వదిలిపెట్టలేదు. ఒళ్ళు వంచి పని చేయలేక ఆ బాట పడతారన్నారు.

1776లో ఆడం స్మిత్ రాసిందంతా మనవాళ్ళు ముందే చెప్పారని కొందరు గొప్పలు పోతారు. అలా డప్పు కొట్టుకోవడం నాకిష్టం లేదు. ఇద్దరి కాలాలు, అవసరాలు వేరు. ఖాజీలు, ఇమాములు, మౌజన్లు, ఉపాధ్యాయులు సాధారణంగా ధనవంతులు కాలేరని కూడా ఇబ్నె ఖల్దూన్ రాశారు. ఒకాయన నమ్మకపోతే ఖలీఫా మామూన్ కాలం నాటి జీతాల లెక్కలు చూపించారట! మా స్టాఫ్ రూములో ఇది చెబితే అందరూ నవ్వారు, కాని కొంచెం సేపే.

ఇక, కూలి ఇవ్వకుండా పని చేయించడం రాజ్యాన్నే పాడుచేసే జులుం అని ఆయన గట్టిగా చెప్పినారు. శ్రమే వాళ్ళ ఆస్తి గనక, దాన్ని లాక్కుంటే ఆస్తి లాక్కున్నట్టే. బలవంతంగా తక్కువ ధరకు సరుకు తీసుకోవడం ఇంకా పెద్ద జులుం అన్నారు.

ఇది చదివినప్పుడల్లా నాకు మా అమ్మీ గుర్తుకొస్తుంది. చాటలో తునికాకు పెట్టుకొని రాత్రి దీపం దగ్గర బీడీలు చుట్టేది. పొద్దున వాటిని కార్ఖానాకు తీసుకెళ్తే మున్షీ ఒక పిడికెడు తీసి "ఇవి బాగాలేవు" అని పక్కకు పెట్టేవాడు. వాటికి మజ్దూరీ లేదు.

ఈ మధ్య క్లాసులో ఈ సంగతి చెప్పినాను. వెనక బెంచీ నుండి ఒక పిల్లవాడు లేచాడు. వాళ్ళ అమ్మ కూడా బీడీలే చుడుతుంది.

"సార్, ఆ పక్కకు పెట్టిన బీడీలు మీ అమ్మీకి వాపసు ఇచ్చేవాళ్ళా?"

"లేదు బాబూ, మున్షీ దగ్గరే ఉండిపోయేవి" అన్నాను.